మా మొగలి పువ్వు సబ్బులోకి ఎందుకు రాలేదు?

ఈ ఏడాది వానాకాలం మొదట్లో మా సోషల్ మాష్టారు మాకు ఒక పని ఇచ్చారు. "మీ ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకటి తీసుకుని దాని చరిత్ర రాయండి. రాజులూ యుద్ధాలూ పుస్తకంలో ఉన్నాయి, అవి నాకొద్దు" అన్నారు. మాది మార్కండి, సముద్రం ఒడ్డున ఊరు. కాబట్టి క్లాసులో సగం మంది వల అన్నారు, మిగిలిన సగం తెప్ప అన్నారు. నేను లేచి సబ్బు అన్నాను. అందరూ నవ్వారు. మాష్టారు నవ్వలేదు, "సబ్బే ఎందుకమ్మా?" అని అడిగారు. ఆ రోజు అందరి ముందూ చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

మా అమ్మ చేపలు అమ్ముతుంది. తెల్లారకముందే ఒడ్డున వేలంలో కొని, తట్టకెత్తుకుని బస్సులో బరంపురం వెళ్తుంది. ఒక ఆదివారం నోట్‌బుక్కులు కొనుక్కోడానికి నేనూ కూడా వెళ్ళాను. వచ్చేటప్పుడు తట్ట ఖాళీ, అమ్మ చేతులు కూడా కడుక్కుంది. అయినా మా పక్కన కూర్చున్న ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి వెనక్కి వెళ్ళి నిలబడింది. సీటు ఉంది, అయినా నిలబడింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక నూతి దగ్గర సబ్బుతో మూడుసార్లు చేతులు తోముకుని, ఎవరూ చూడట్లేదనుకుని వాసన చూసుకుంది. నేను చూశాను.

అదే రోజు సాయంత్రం మొగలి డొంకల మీదుగా గాలి వీచింది. మా వైపు వానాకాలంలో ఆ వాసన ఎలా ఉంటుందో చదివేవాళ్ళలో మా గంజాం వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఇంత వాసన మా గట్ల మీదే పూస్తుంటే, మా నూతి దగ్గర సబ్బు ఎక్కడో చేసింది ఎందుకు ఉంది? ఆ సబ్బులో గులాబీ, మల్లె, చందనం అన్నీ ఉంటాయి గానీ మా పువ్వు ఎందుకు లేదు?

ముందు సబ్బు సంగతి. సబ్బు అనే మాట మనది కాదని మాష్టారు చెప్పారు. అరబ్బులు సాబూన్ అంటారు, పోర్చుగీసు వాళ్ళు సబావ్ అంటారు, మా పక్కింటి ఒడియా వాళ్ళు సాబున్ అంటారు. మాట ఓడ మీద వచ్చిందంటే వస్తువూ అలాగే వచ్చిందన్నమాట. అంతకుముందు మనవాళ్ళు మురికిగా ఉన్నారని మాత్రం అనుకోకండి. తలకి కుంకుడుకాయ, శీకాయ ఉండేవి. ఒంటికి సున్నిపిండి. బట్టలు చౌడు మట్టి వేసి ఉడకేసేవారు. చౌడులో ఉండేది కూడా సోడా క్షారమే. కుంకుడుకాయ నురుగుకి కారణం సాపోనిన్ అనే పదార్థం అని మా సైన్సు టీచరుగారు చెప్పారు. సబ్బు నురుగు వేరు, కుంకుడు నురుగు వేరు, కానీ రెండూ నూనె జిడ్డుని పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తాయి.

సబ్బు అంటే నూనె, క్షారం కలిస్తే వచ్చేది. సిరియాలో అలెప్పో అనే ఊళ్ళో ఆలివ్ నూనెతో పాటు లారెల్ కాయల నూనె వేసి వందల ఏళ్ళ నుంచి సబ్బు కాస్తున్నారు. పాతరోజుల్లో క్షారం బూడిదలోంచి తీసేవాళ్ళు. 1791లో ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ అనే ఆయన ఉప్పు నుంచి సోడా తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత సబ్బు పెద్దింటి సరుకు నుంచి అందరి సరుకు అయింది. ఉప్పు నుంచి అని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా గంజాం అంటే ఒకప్పుడు ఉప్పు మడులకి పేరు.

మన దేశానికి లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. లైఫ్‌బాయ్ 1895లో వచ్చింది. మా ఇంటికి మాత్రం సబ్బు కలకత్తా నుంచి కాదు, రంగం నుంచి వచ్చింది.

ఇది మా మామ్మ చెప్పిన కథ. మామ్మ వాళ్ళ నాన్న కుర్రతనంలో గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. ఇప్పటి పిల్లలు సూరత్ వెళ్ళినట్టు, కేరళ వెళ్ళినట్టు, అప్పుడు మా వైపు మగవాళ్ళు రంగం వెళ్ళేవాళ్ళు. గోపాలపురం అప్పుడు మంచి రేవు. ఆయన అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఒకసారి వచ్చినప్పుడు ఎర్ర సబ్బు ఒకటి రేకు డబ్బాలో పెట్టి తెచ్చాడు. దాన్ని మామ్మ వాళ్ళ అమ్మ దారంతో కోసి చిన్న చిన్న ముక్కలు చేసి, సంక్రాంతికొకటి, పెళ్ళికొకటి వాడిందట. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులు వేశారు. వేలమంది తెలుగువాళ్ళు అడవుల్లోంచి నడిచి వచ్చారు. ఆయన కూడా నడిచే వచ్చాడు. ఒంటి మీద బట్ట తప్ప ఏమీ తేలేదు. కానీ పాత రేకు డబ్బా ఇంట్లో ఉంది కదా. మామ్మ పుట్టాక కూడా అది మూత తీస్తే వాసన వచ్చేదట. "సబ్బు అయిపోయినాది గానీ వాసన అయిపోలేదే గుంటా" అంది మామ్మ. డబ్బా తర్వాత ఏ తుఫానులో పోయిందో మామ్మకి గుర్తులేదు.

రంగం డబ్బా పోయాక మామ్మ వాళ్ళమ్మ ఆ చోట మొగలి రేకులు పెట్టేది. సందుగుపెట్టెలో చీరల మడతల మధ్య రెండు రేకులు పెడితే ఏడాదంతా వాసన. పెళ్ళికూతురికి మొగలిరేకుల జడ వేసేవారు. దేవుడికి మాత్రం పెట్టరు. బ్రహ్మ శివలింగం పైకొన చూశానని అబద్ధం చెప్తే మొగలి పువ్వు దొంగసాక్ష్యం చెప్పిందట. అందుకని శివుడు తన పూజకి పనికిరావని శపించాడు. మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా పువ్వు మీదే జాలిపడుతుంది, బ్రహ్మ అడిగితే ఏం చేస్తుంది పాపం అని.

ఇప్పుడు నా ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మేము ఇటు వచ్చాం, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. అందువల్లే మేము ఒడిశాలో ఉండి తెలుగు మీడియంలో చదువుతున్నాం. సరే, మద్రాసు ప్రభుత్వంలో చేపల శాఖని నడిపిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ అనే దొర ఒకాయన ఉన్నాడు. ఆయన మలబారు తీరంలో తానూరులో కవళ్ళ నూనెతో సబ్బు చేయించాడు. కవళ్ళు అంటే మా అమ్మ తట్టలో ఉండే చేపలే! ఆ ప్రయోగాల నుంచే 1914లో కేరళ సోప్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఈ చేపనూనె సబ్బుని కాఫీ తోటల వాళ్ళు కొని, నీళ్ళలో కలిపి మొక్కలకి పురుగు పట్టకుండా చల్లేవాళ్ళు. ఒంటికి రాసుకునే సబ్బు చెయ్యాలంటే ముందు చేప వాసన పోగొట్టాలి, అది అంత తేలిక కాదు. చేపతో సబ్బు చేశారు, చేప వాసనతో తిప్పలు పడ్డారు. ఇది చదివి అమ్మకి చెప్తే, "దొరలకే పోలేదా? మరి నాకేటి పోతాది" అని నవ్వింది. బస్సు సంగతి జరిగాక అమ్మ ఆ విషయం మీద నవ్వడం అదే మొదటిసారి.

రెండో కథ మైసూరుది. మైసూరు రాజ్యంలో గంధపు చెట్లు ప్రభుత్వానివి. చెక్కని ఓడల్లో యూరప్ పంపేవాళ్ళు, అక్కడ నూనె తీసేవాళ్ళు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. చెక్క పోగుపడిపోయింది. అప్పుడు నాల్వడి కృష్ణరాజ ఒడయారు మహారాజు, విశ్వేశ్వరయ్యగారు దివాను. మనమే నూనె తీద్దాం అనుకున్నారు. 1916లో గంధపు నూనె తీయడం మొదలుపెట్టి, బెంగుళూరులో సబ్బుల ఫ్యాక్టరీ కూడా పెట్టారు. ఎస్.జి. శాస్త్రిగారిని ఇంగ్లండు పంపి సబ్బు విద్య నేర్పించారు. అదే మైసూర్ శాండల్ సబ్బు. అదే సంవత్సరం 1916లో కలకత్తాలో కలకత్తా కెమికల్ కంపెనీ పుట్టింది. వేప నూనెతో మార్గో సబ్బు చేసింది వాళ్ళే. అంటే మైసూరు వాళ్ళ చెట్టు సబ్బయింది, బెంగాలు వాళ్ళ వేప సబ్బయింది. ఈ రెండు ఊళ్ళ మధ్య రైలు దారిలో ఉన్నది మా గంజాం. మా మొగలి మాత్రం ఆ రైలు ఎక్కి ఇంకెక్కడికో వెళ్ళింది.

ఎక్కడికి వెళ్ళిందో తెలుసుకోవాలని నాన్నతో కలిసి ఒక భట్టీ చూడటానికి వెళ్ళాను. ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు మొగలి నూనె తీసే భట్టీలు ఉన్నాయి. ఒడియాలో పువ్వుని కియా అంటారు, వ్యాపారంలో కేవడా అంటారు. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అత్తర్లకి పేరు. అక్కడి వ్యాపారులే మా పువ్వు విలువ తెలుసుకుని ఇక్కడికి వచ్చి భట్టీలు పెట్టించారు. మేము వెళ్ళిన భట్టీలో పెద్దాయన ఒకరు ఒడియాలో, హిందీలో కలిపి మాట్లాడుతూ అన్నీ చూపించారు.

మొగలిలో మగచెట్టు పువ్వుకే వాసన. ఆడచెట్టుకి అనాసపండులాంటి కాయ వస్తుంది, దానికి ఈ వాసన ఉండదు. పువ్వు తెల్లవారుజామున కోయాలి. ఎండెక్కితే వాసన ఎగిరిపోతుంది. ఆకు అంచులకి ముళ్ళు, మధ్య ఈనెకి ముళ్ళు, పాములుంటాయని భయం. పొడుగు కర్రకి కొక్కెం కట్టి లాగుతారు. మా వీధిలో ఇద్దరు అత్తలు ఆ పనికి వెళ్తారు, వాళ్ళ చేతులు చూస్తే పిల్లి గీరినట్టు ఉంటాయి. పువ్వుల లెక్కన డబ్బులు.

భట్టీలో రాగి డేగ్ ఉంటుంది, మన గాబు అంత. అందులో పట్టేది వెయ్యి పువ్వుల దాకా అని పెద్దాయన చెప్పారు. నీళ్ళు పోసి, మూత పెట్టి, సందులు మట్టితో మెత్తుతారు. కింద కట్టెల మంట. మూతలోంచి ఒక వెదురు గొట్టం వస్తుంది, వేడి పోకుండా దాని చుట్టూ తాడు చుట్టి ఉంటుంది. గొట్టం రెండో కొస నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న భప్కాలో దిగుతుంది. భప్కా అంటే పొడుగు మెడ ఉన్న రాగి కుండ. ఆవిరి అక్కడ చల్లారి నీరవుతుంది. భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచితే పువ్వు వాసన ఆ నూనెలోకి ఎక్కుతుంది, అది కేవడా అత్తరు. నూనె పొయ్యకుండా ఆ వాసన నీళ్ళనే మళ్ళీ మళ్ళీ కాచి, పైన తేలిన అసలు నూనె తీస్తే అది రూహ్. హిందీలో రూహ్ అంటే ప్రాణం. ఏమీ తియ్యకుండా వదిలేసిన నీళ్ళే కేవడా జల్, బిర్యానీలో, మిఠాయిల్లో వేస్తారు.

మైసూరు గంధం మా మొగలి వాసనని మొయ్యడానికి ఇంతదూరం వచ్చేదన్నమాట. గంధం కరువై ఖరీదు పెరిగాక చాలామంది దాని బదులు పారాఫిన్ నూనె వాడుతున్నారట. పెద్దాయన అది చెప్పేటప్పుడు మొహం చిట్లించారు.

రూహ్ కిలో లక్షల్లో పలుకుతుంది. ఈ మాట విన్నాక నా ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. నూతి గట్టు మీద పెట్టే సబ్బులో దాన్ని ఎవరు వేస్తారు? పైగా మొగలి వాసనలో సగానికి పైగా ఉండేది ఒకటే పదార్థం, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. దాన్ని ఫ్యాక్టరీలో పువ్వు లేకుండానే చౌకగా చేస్తారు. చౌక సరుక్కి అది, ఖరీదైన సరుక్కి మాది. ఖరీదైన సరుకంటే ఏమిటని అడిగితే పెద్దాయన కాసేపు ఆగి, "గుట్కా, పాన్ మసాలా" అన్నారు. నాకు చాలా బాధేసింది. మామ్మ చీరల మడతల్లో దాచిన పువ్వు, జడలో పెట్టిన పువ్వు, చివరికి నోరు పాడుచేసే పొట్లంలోకి వెళ్ళిందా అనిపించింది. 2012, 2013 ప్రాంతంలో చాలా రాష్ట్రాలు గుట్కాని నిషేధించాయి, ఒడిశా కూడా. అది మంచి పనే. కానీ భట్టీల వాళ్ళకి దెబ్బ తగిలింది. ఆ వెంటనే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. మొగలి డొంకలు చాలా కూలిపోయాయి. 2018లో తిత్లీ మళ్ళీ వచ్చింది. నేను చిన్నదాన్ని, అయినా తిత్లీ గాలి చప్పుడు గుర్తుంది. మొగలి డొంక గాలిని, ఇసకని ఆపుతుంది కాబట్టే మా పెద్దవాళ్ళు గట్ల మీద ఉంచారు. ఆపుతూ ఆపుతూ అదే ముందు దెబ్బ తింటుంది.

గంజాం కేవడా పువ్వుకీ, గంజాం కేవడా రూహ్‌కీ రెండింటికీ జి.ఐ. గుర్తింపు ఉంది. అంటే ఈ పేరుతో ఇంకెక్కడి సరుకూ అమ్మకూడదు. మైసూర్ శాండల్ సబ్బుకి కూడా ఆ గుర్తింపే ఉంది. తేడా ఒకటే. అక్కడ గుర్తింపు సబ్బుకి, ఇక్కడ గుర్తింపు పువ్వుకీ నూనెకీ. మైసూరులో చెట్టు రాజుది, ఫ్యాక్టరీ రాజుది, ఇంగ్లండు పంపడానికి డబ్బు రాజుది. మా దగ్గర గట్టు ఒకరిది, కోసేది ఒకరు, భట్టీ ఇంకొకరిది, కొనేది కన్నౌజ్. మా పువ్వు శాపం శివుడిది కాదు, ఇదేనని నాకనిపిస్తుంది. మాష్టారు దీని పక్కన "ఆలోచించవలసిన మాట" అని రాశారు, అందుకే ఉంచాను.

చరిత్ర ఇంతవరకు రాసి ఊరుకోవచ్చు. కానీ మా సైన్సు టీచరుగారు "చేసి చూద్దామా?" అన్నారు. మా సంఘం అత్తలకి కూడా సబ్బు చేసి అమ్మాలని ఎప్పట్నుంచో ఆశ. అమ్మ ఆ పొదుపు సంఘంలోనే ఉంది.

మొదటిసారి నేను తొందరపడ్డాను. టీచరుగారు రాకముందే ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి కాస్టిక్ సోడా వేశాను. గిన్నె బుసబుసమని పొంగి నల్లగా అయిపోయింది. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుందనీ, అప్పుడు హైడ్రోజన్ వస్తుందనీ పాఠంలో చదివాను, పరీక్షలో కూడా రాశాను, చేసేటప్పుడు గుర్తు రాలేదు. గిన్నె పోయింది. అమ్మ తిట్లు ఇక్కడ రాయను.

రెండోసారి టీచరుగారే దగ్గరుండి చేయించారు. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. కొబ్బరినూనె 400 గ్రాములు, ఆముదం 100 గ్రాములు. ఈ నూనెలకి కాస్టిక్ సోడా 86 గ్రాములు సరిపోతుంది, కానీ నూరు పాళ్ళలో ఐదు పాళ్ళు తగ్గించి 82 గ్రాములే వేశాం. కొంచెం నూనె మిగిలితే చర్మానికి మంచిది, సోడా మిగిలితే చర్మం కాలుతుంది. ఎప్పుడూ నీళ్ళలో సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. ఇది మాత్రం ఇంట్లో చేద్దామనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, పెద్దవాళ్ళు లేకుండా చెయ్యకండి. నాకు ఒక తెలివి తట్టింది. మామూలు నీళ్ళ బదులు భట్టీ పెద్దాయన ఇచ్చిన కేవడా జల్ వాడాను. సోడా కలవగానే నీళ్ళు సలసల కాగినంత వేడెక్కాయి. గది అంతా మొగలి వాసన గుప్పుమంది. అందరం అబ్బ అన్నాం. ఆ వాసన అంతే, ఆ గదిలోనే అయిపోయింది. సబ్బు గట్టిపడ్డాక చూస్తే కొబ్బరినూనె వాసనే.

మూడోసారి అత్తరు కొన్నాం. మామ్మ తన పింఛను డబ్బుల్లోంచి ఇచ్చింది. చిన్న సీసా, 10 గ్రాములు. ఈసారి సోడా నీళ్ళు పూర్తిగా చల్లారనిచ్చి నూనెలో పోసి తిప్పాం. తిప్పగా తిప్పగా అది మజ్జిగలా, తర్వాత చిక్కటి గంజిలా అవుతుంది. గరిటెతో గీస్తే పైన గీత నిలవాలి. అప్పుడు అత్తరు వెయ్యాలి. అచ్చు లేదు, పాల ప్యాకెట్లు కడిగి అట్టపెట్టెలో పరిచి అందులో పోశాం. మర్నాడు దారంతో కోశాను. కత్తి ఉంది, కానీ రంగం సబ్బుని దారంతోనే కోశారు కదా. పది ముక్కలు వచ్చాయి. ఆరు వారాలు ఆరబెట్టాలి. ఇంట్లో ఎండు చేపలు లేని చోటు వెతికేసరికి తాతలు దిగొచ్చారు, చివరికి అటక మీద పాత చీరలో చుట్టి పెట్టింది మామ్మ.

ఆరు వారాల తర్వాత అమ్మ బరంపురం నుంచి వచ్చిన సాయంత్రం ఒక ముక్క ఇచ్చాను. అమ్మ నూతి దగ్గర రుద్దుకుంది. నురుగు బాగా వచ్చింది. మొగలి వాసన, గట్టిగా కాదు గానీ, ఉంది. అమ్మ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కొంచెం సేపు ఊరుకుంది. "మొగలి వాసన వస్తాంది, దాని కింద సేప వాసనా వస్తాంది" అంది. నాకు ఏడుపొచ్చింది. మామ్మ అరుగు మీంచి కేకేసింది. "సబ్బుతో పోదే అది. ముందు సింతపండు రాయమను."

చింతపండు పిసికి రాసి, కడిగి, తర్వాత సబ్బు రుద్దుకుంటే వాసన పోయింది. నిజంగా పోయింది. మర్నాడు టీచరుగారిని అడిగాను. చేప వాసన ట్రైమిథైల్ అమీన్ అనే పదార్థానిది. అది క్షారం. సబ్బు కూడా క్షారమే. క్షారం మీద క్షారం రుద్దితే అది గాల్లోకి లేవడం ఆగదు. చింతపండులో ఆమ్లం ఉంది, ఆమ్లం తగిలితే అది ఉప్పుగా మారి నీళ్ళలో కరిగి పోతుంది. నిమ్మకాయైనా అంతే. పెద్ద సబ్బులు వచ్చాయి, ఓడల్లో వచ్చాయి, రైళ్ళలో వచ్చాయి, ఈ సంగతి ఏ డబ్బా మీదా రాయలేదు. మామ్మకి ఎలా తెలుసని అడిగితే, "మా అమ్మ రాసేది" అంది. వాళ్ళమ్మకి ఎలా తెలుసో మామ్మకి తెలీదు.

సంఘం అత్తలు లెక్కలు వేశారు. అత్తరు వేస్తే ముక్క ఖరీదు కొట్లో సబ్బుకి మూడింతలు అవుతోంది. బరంపురంలో సుగంధ తైలాల కేంద్రం ఒకటి ఉంది. కన్నౌజ్‌లో ఉన్న ఎఫ్.ఎఫ్.డి.సి. అనే ప్రభుత్వ సంస్థకి అది శాఖ. అక్కడికి వెళ్ళి అడుగుదామని అత్తలు అనుకుంటున్నారు. ఒడియాలో అర్జీ రాయాలి. రాసేది నేనే.

పది ముక్కల్లో ఒకటి మాష్టారికి, ఒకటి టీచరుగారికి ఇచ్చాను. ఒకటి భట్టీ పెద్దాయనకి పంపాను, ఆయన వాసన చూసి అత్తరు ఇంకొంచెం ఆలస్యంగా వెయ్యాల్సిందని కబురు చేశారు. పువ్వు కోసే ఇద్దరు అత్తలకి చెరొకటి. ఒకటి మామ్మ తీసుకుని ఒంటికి రాసుకోకుండా చీరల పెట్టెలో పెట్టింది. ఒకటి అమ్మ తట్టలో ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, పక్కనే చింతపండు ముద్ద. మిగిలిన మూడూ ఇంకా అటక మీదే ఉన్నాయి.